తాళాలమ్మ కోడలు

అత్తాకోడళ్ళిద్దరూ కలిసి మెట్లెక్కి వచ్చినప్పుడు కౌన్సెలర్ చేసిన మొదటి పని అత్తగారిని బయట కూర్చోబెట్టడం. ఆమెకు అలవాటైన జాగ్రత్త అది. దెబ్బలు తిన్న కోడలి వెంట అత్తగారు వచ్చిందంటే, ఆ పిల్ల నోరు జారకుండా కాపలా కాయడానికేనని ఆమె చాలాసార్లు చూసింది. అందుకే మర్యాద తగ్గకుండా, కాసేపు ఇక్కడ కూర్చోండమ్మా అని వరండాలో బెంచీ చూపించి తలుపు వేసేసింది.

ఇళ్ళల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళకి సాయం చేసే ఆ ఆఫీసు లాండ్రీ షాపు పైన రెండు గదుల్లో ఉండేది. కింద ఇస్త్రీ చేస్తున్నంతసేపూ వెచ్చటి ఆవిరి కిటికీలోంచి పైకి వచ్చేది. కోడలు ఆ కిటికీ పక్క కుర్చీలో, ఎవరో లెమ్మంటే లేచిపోయేలా అంచున కూర్చుంది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. ఒళ్ళో నాలుగేళ్ళ పాప. చెవి వెనక కమిలిన చోటు కనపడకుండా తల ఒక పక్కకి వంచుకుని ఉంది. కౌన్సెలర్ ఏమడిగినా, ఏం లేదు మేడం, బాగానే ఉన్నాను మేడం అంటోంది. ఆఖరికి పాప పేరేమిటని అడిగితే దానికి కూడా బాగానే ఉంది మేడం అంది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది.

"అది చెప్పదమ్మా" అంది. "చెప్పకూడదని దానికి నేర్పిందే నేను. కొట్టేది నా కొడుకు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు చంపేస్తాడు. దీన్నీ పిల్లనీ ఎక్కడైనా దాచండి."

 కౌన్సెలర్ లేచి తన కుర్చీ ఆవిడకు వేసింది.

ఆవిడను వాళ్ళ సమాజంలో అందరూ తాళాలమ్మ అనేవారు. ప్రార్థనా మందిరం తాళంచెవులు ఎప్పుడూ ఆవిడ నడుముకే వేలాడుతుండేవి. పొద్దున్నే వెళ్ళి తలుపులు తీయడం, నేల తుడిచి చాపలు పరచడం, ప్రార్థన అయ్యాక ముసలివాళ్ళ చెప్పులు వెతికి ఇవ్వడం అన్నీ ఆవిడ పనే. పెళ్ళయి ఆ వీధుల్లోకి వచ్చిన దగ్గర్నుంచీ చేస్తోంది. నడుస్తుంటే చప్పుడు ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేది.

మందిరం చుట్టూ ఉన్న కొద్ది వీధుల్లోనే ఆ సమాజం మొత్తం ఉండేది. డాక్టరు వాళ్ళవాడే, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు వాళ్ళవాళ్ళే, బడి వాళ్ళదే. ఎవరింట్లోనైనా మనిషి మంచాన పడితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన పని ఉండేది కాదు, చుట్టుపక్కల నుంచి గిన్నెలు వచ్చేసేవి. ఏ గొడవ వచ్చినా పెద్దలే కూర్చోబెట్టి తీర్చేవారు. బయటివాళ్ళ దగ్గరికి, అందులోనూ పోలీసుల దగ్గరికి వెళ్ళడమంటే అందరి ముఖం మీద ఉమ్మేయడంతో సమానం.

కొడుక్కి కళ్ళజోళ్ళ షాపు ఉంది. మాట మెత్తన. ముసలివాళ్ళని ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని షాపులోకి తీసుకొచ్చేవాడు. పెద్దల దగ్గర అద్దాలకి పైసా పుచ్చుకునేవాడు కాదు. సాయంత్రాలు పిల్లలకి గ్రంథం చదవడం నేర్పేవాడు. పిల్లలు అతని మీద పడి ఆడుకునేవారు. అలాంటివాడు ఇంటికి రాగానే, పళ్ళెంలో కూర చల్లబడిందనో, తను వచ్చేటప్పటికి కోడలు కిటికీ దగ్గర ఉందనో చెయ్యి చేసుకునేవాడు. కొట్టడం అయ్యాక ఏడ్చేవాడు. ఆ ఏడుపు కూడా నిజమేనని కోడలు చెప్పింది.

"పెద్దలందరి కళ్ళజోళ్ళూ మావాడు పెట్టినవే" అంది తాళాలమ్మ. "ఇంక వాళ్ళకి వాడెలా కనిపిస్తాడు చెప్పండి."

చెప్పి తనే చిన్నగా నవ్వింది. కోడలు కూడా తల దించుకుని నవ్వింది. ఒకే ఇంట్లో ఒకే భయంతో చాలాకాలం బతికిన ఇద్దరికే తెలిసిన నవ్వు అది. కౌన్సెలర్‌కి వీళ్ళిద్దరూ తల్లీకూతుళ్ళేమో అనిపించింది.

తర్వాత వారాల్లో ఇద్దరూ కూరగాయలకని బయల్దేరి ఆఫీసుకు వస్తుండేవారు. కౌన్సెలర్ తొందరపెట్టలేదు. ఆమె ఆ సమాజం మనిషి కాదు. మొదట్లో ఇలాంటి వీధుల్లోకి చట్టాల గురించి మాట్లాడుతూ వెళ్ళి, తలుపులు మూయించుకుని వచ్చింది. ఇప్పుడు వినడం నేర్చుకుంది. కోడలికి భర్తను వదలడం కంటే మందిరాన్ని వదలడమే కష్టంగా ఉందని ఆమెకి త్వరగానే అర్థమైంది. నేను బయటికొచ్చేస్తే దేవుడు నా మాట వింటాడా మేడం అని ఒకసారి అడిగింది కోడలు. కౌన్సెలర్ జవాబు చెప్పేలోపే తాళాలమ్మ అందుకుంది. ఇన్నేళ్ళూ ఆయన ఇంటి తలుపులు తీసింది నేను, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని రానివ్వకూడదో ఆయన నాకెప్పుడూ చెప్పలేదు, అంది.

దాక్కోవడానికి ఊరికి అవతల ఆడవాళ్ళ ఆశ్రయంలో ఒక గది ఖాళీ చేయించారు. ఎలా బయటపడాలన్నదే చిక్కు. కూరగాయలకి వెళ్ళేటప్పుడు పాపని వెంట పంపడం కొడుకు మానేశాడు. ఆ వీధుల్లో చేతిలో సంచీ పట్టుకుని నడిచే ఆడదాన్ని, ఎక్కడికమ్మా అని అడగని గుమ్మం ఉండదు. దారి తాళాలమ్మే చెప్పింది. వారానికోసారి ఆడవాళ్ళంతా కలిసి మందిరం కడుగుతారు. ఆ రోజు మగవాళ్ళు లోపలికి రారు. వెనక సామాను గదికి ఒక తలుపుంది. అది పక్క సందులోకి తెరుచుకుంటుంది. దాని తాళంచెవి తన దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

అంతా అనుకున్నాక కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. "మీరూ రండి అత్తయ్యా. మీరు రాకపోతే నేను కదలను."

"నేనెక్కడికి వస్తానే" అంది తాళాలమ్మ. "వాడు నేను కన్నవాడు. వాళ్ళ నాన్న నన్ను కొడుతుంటే మంచం కింద దూరి చెవులు మూసుకునేవాడు. వాణ్ణి బయటికి లాగి, ఏం లేదు నాన్నా, అమ్మ పడిపోయింది అని చెప్పేదాన్ని. అబద్ధం చెప్పి పెంచాను. ఇప్పుడు వాణ్ణి వదిలేసి ఎక్కడికి రాను?"

కోడలు ఏడుస్తుంటే, నీకు మొగుడు, నాకు కొడుకు, లెక్క వేరు అని తల నిమిరింది.

మందిరం కడిగే రోజు కౌన్సెలర్ కారు తీసుకుని సందులో నిలబడింది. లోపల బక్కెట్ల చప్పుడు, నవ్వులు వినిపిస్తున్నాయి. వెనక తలుపు కిర్రుమనకుండా ముందు రోజే నూనె పోసి ఉంచింది తాళాలమ్మ. కోడలు తడి కాళ్ళతోనే వచ్చింది. సంచీ కూడా లేదు. పాప ఒంటి మీద ఒకదానిపై ఒకటి మూడు గౌన్లు వేసి ఉన్నాయి. నానమ్మా నువ్వు రావా అని పాప అడిగితే, నేల ఆరగానే వస్తానంది తాళాలమ్మ. తలుపు మూసుకుంది. కారు సందు దాటుతుంటే లోపల ఆవిడ ఎవరినో గట్టిగా కోప్పడుతూ ఉంది, ఆ మూల సరిగ్గా రుద్దలేదని. ఎవరూ వెనక్కి చూడకుండా వాళ్ళ చూపు తన వైపు తిప్పుకుంటోందని కౌన్సెలర్‌కి అర్థమైంది.

కొన్నాళ్ళకి పెద్దల నుంచి కౌన్సెలర్‌కి కబురు వచ్చింది. ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. పోలీసు కేసు పెట్టడం కంటే వాళ్ళ ముందు నిజం చెప్పాలనే కోడలికి కూడా ఉంది. అక్కడ నన్నెవరైనా నమ్మితే చాలు మేడం, తర్వాత ఏమైనా పరవాలేదు అంది. కౌన్సెలర్ వెంట వెళ్ళింది.

మందిరం పక్క హాల్లో కూర్చున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కౌన్సెలర్‌కి మంచినీళ్ళిచ్చారు, ఫ్యాన్ గాలి తగులుతోందా అని అడిగారు. సమాజం పెద్దాయన ఎనభైకి దగ్గరపడిన మనిషి. అమ్మాయీ, నీ ఇల్లు నిన్ను పిలుస్తోంది అన్నాడు కోడలితో, ఎంతో ఆప్యాయంగా. భర్త నేల మీద కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడుస్తున్నాడు. నా కూతుర్ని చూపించండి చాలు అంటున్నాడు. అది చూసి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కోడలు చెప్పాల్సింది చెప్పింది. మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మొత్తానికి చెప్పింది. ఎవరూ కాదనలేదు. నమ్మినట్టు కూడా కనపడలేదు.

అప్పుడు పెద్దాయన తాళాలమ్మ వైపు తిరిగాడు. అమ్మా, ఆ ఇంట్లో ఉండేది నువ్వు, నువ్వు చెప్పు అన్నాడు. ఆవిడ కొడుకునే వెనకేసుకొస్తుందని ఆయనకి నమ్మకం.

తాళాలమ్మ లేచి నిలబడింది.

"కొడతాడు అన్నయ్యా" అంది. "ఆ పిల్ల చెప్పినదానికంటే ఎక్కువే కొడతాడు. కొంత సిగ్గుపడి అది చెప్పలేదు. వీళ్ళ నాన్న కూడా ఇలాగే కొట్టేవాడని అప్పుడు నీ దగ్గరికే వచ్చాను. ఓర్చుకో చెల్లీ, మారతాడు అన్నావు. ఓర్చుకున్నాను. ఇదుగో, వీణ్ణి తయారుచేశాను."

 కొడుకు చేతులు ముఖం మీంచి తీసి తల్లి వైపు చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉందని కౌన్సెలర్ తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుంది. పెద్దాయన, ఆవిడకి వయసు మీద పడింది, మనసు కుదురుగా లేదు పాపం అన్నాడు మెల్లగా. ఆ మాట అందరికీ ఊరటగా అనిపించింది. ఔనౌను అన్నారు. ఆవిడకి విశ్రాంతి కావాలన్నారు. తాళాల బాధ్యత ఇంకెవరికైనా ఇద్దామన్నారు. తాళాలమ్మే నడుము దగ్గర ముడి విప్పి, చెవుల గుత్తి బల్ల మీద పెట్టింది.

కోడలితో కలిసి బయటికి వస్తూ, ఇప్పుడైనా మాతో రండని కౌన్సెలర్ ఆవిడని బతిమాలింది. రాలేదు.

ఆ తర్వాత ఆవిడతో ఎవరూ మాట్లాడటం మానేశారు. తిట్టలేదు, వెలివేశామని అనలేదు. ఆవిడ వస్తుంటే ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయేవారు. కౌన్సెలర్ కూరగాయల మార్కెట్‌కి వెళ్ళి, ఆవిడ వచ్చే వేళకి కాచుకుని పలకరించేది. ఒకసారి చెంపకింద నల్లగా కమిలి కనపడింది. అడిగితే, జారిపడ్డానంది. అని, వంకాయలు ఏరుతూ నవ్వింది.

"ఇన్నాళ్ళూ ఈ మాట కోడలు చెప్పేది. దానికి ముందు నాదే. మళ్ళీ నా దగ్గరికే వచ్చింది."

కౌన్సెలర్‌కి నవ్వు రాలేదు. గది సిద్ధంగా ఉంది, మనవరాలు అడుగుతోంది, ఇప్పుడే కారెక్కండి అంది. ఆవిడ వంకాయలు సంచీలో వేసుకుంది.

"నేనుంటే వాడి కోపం ఇంట్లోనే ఉంటుందమ్మా. నేను కూడా వచ్చేస్తే వీధిన పడి దాన్ని వెతుక్కుంటూ వస్తాడు. నాకు తెలుసు వాడి సంగతి. కోడలికి మాత్రం ఇది చెప్పొద్దు. తెలిస్తే తిరిగొచ్చేస్తుంది, పిచ్చిది."

కౌన్సెలర్ ఊరుకోలేదు. ఆ సాయంత్రమే పోలీసులకి చెప్పింది. వాళ్ళు ఇంటికి వెళ్ళారు. తాళాలమ్మ గుమ్మంలోకి వచ్చి, మా అబ్బాయి బంగారం, ఎవరు చెప్పారు మీకు అని, వాళ్ళకి కుర్చీలు వేయబోయింది. వాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆవిడ మార్కెట్‌కి రావడం మానేసింది.

చలికాలం మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున ఆఫీసుకి ఫోన్ వచ్చింది. మాట్లాడిన ఆడమనిషి తనెవరో చెప్పలేదు. తాళాలమ్మ స్నానాల గదిలో జారిపడి పోయింది, మధ్యాహ్నమే తీసుకెళ్ళిపోతారు, కోడలికి చెప్పండి అని పెట్టేసింది.

కౌన్సెలర్ ఆశ్రయానికి వెళ్ళేసరికి కోడలు పిల్లకి అన్నం పెడుతోంది. విని, చేతిలో ముద్ద పిల్ల నోట్లో పెట్టి, గిన్నె కింద పెట్టి, లేచి చెయ్యి కడుక్కుని, పాపని పక్కగది ఆవిడకి అప్పగించింది.  వీధి మొదట్లో కారు దిగాక, ఆవిడ్ని కూడా కొట్టేవాడా మేడం అని అడిగింది. కౌన్సెలర్ కొట్టేవాడంది. మీకు తెలుసా అంది కోడలు. తెలుసు, నీకు చెప్పొద్దంది అంది కౌన్సెలర్. కోడలు తలూపి ముందుకు నడిచింది.

ఇంటి ముందు మగవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. కొడుకు మధ్యలో కుర్చీలో కూలబడి ఉన్నాడు. కోడల్ని చూడగానే దారి మూసుకుంది. ఇప్పుడా గుర్తొచ్చింది అత్తగారు అన్నారెవరో. ఆమె ఎవరికీ జవాబు చెప్పకుండా పక్కసందులోంచి పెరటి వైపు వెళ్ళింది. అక్కడ చాటు కట్టి ఆడవాళ్ళు శవానికి స్నానం చేయిస్తున్నారు. సమాజంలో ఎవరు పోయినా ఆ పని ముందుండి చేసేది బేకరీ ఆవిడ. లావుపాటి మనిషి, ఎప్పుడూ గొంతు పెద్దది. ఆ రోజు గుసగుసగా కూడా మాట్లాడటం లేదు. కోడల్ని చూసి ఒకామె, నువ్వు రాకూడదు అనబోతే, బేకరీ ఆవిడ చెయ్యడ్డం పెట్టి చాటు పైకెత్తింది. చేతిలో చెంబు కోడలికిచ్చింది.

కోడలు అత్తగారి పాదాల మీద నీళ్ళు పోసింది. మోకాళ్ళు కడిగింది. చేతులు పైకెత్తి కడుగుతుంటే పక్కటెముకల దగ్గర, భుజాల దగ్గర పాతవీ కొత్తవీ దెబ్బలు కలిసి కనపడ్డాయి. కొన్ని పసుపుపచ్చగా మానుతున్నవి, కొన్ని ఇంకా ఎర్రగా ఉన్నవి. మెడ దగ్గర వేళ్ళ గుర్తులు. ఆమె మెల్లగా అన్నీ తడిమింది. ఎక్కడెక్కడ ఉంటాయో ఆమె చేతికి ముందే తెలుసు.

చెంబు కింద పెట్టి బేకరీ ఆవిడ వైపు చూసింది. "మీరు చూశారుగా పిన్నీ."

బేకరీ ఆవిడ చుట్టూ ఉన్న ఆడవాళ్ళని చూసింది. వాళ్ళు బక్కెట్లవైపు, నేలవైపు చూస్తున్నారు.

"చూశానమ్మా" అంది. "ఫోన్ చేసింది నేనే. చూసి పూడ్చిపెట్టడం నా వల్ల కాలేదు. ఇదివరకు చాలామందిని పూడ్చాను."

కౌన్సెలర్ పోలీసులకి ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేలోపు పెద్దలు బేకరీ ఆవిడ భర్తని పిలిపించారు. ఆయన వచ్చి, భార్య పక్కన నిలబడి, ఇంటికి పద అన్నాడు మూడుసార్లు. ఆవిడ కదల్లేదు. ఆయన ఒక్కడే వెళ్ళిపోయాడు. పోలీసులు శవాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే కొడుకు బండి వెనక పరిగెత్తాడు, మా అమ్మని కోస్తారా అని ఏడుస్తూ. అతన్ని ఆపి పట్టుకున్నవాళ్ళు కూడా ఏడ్చారు. మీవల్లే కదా ఇదంతా అని ఒక ముసలాయన కౌన్సెలర్‌తో చేతులు జోడించి అన్నాడు.

కేసు చాలాకాలం నడిచింది. బెయిలు కోసం సమాజమంతా ముందుకొచ్చింది. శవానికి స్నానం చేయించిన మిగతా ఆడవాళ్ళలో ఒక్కరూ కోర్టుకి రాలేదు. బేకరీ ఆవిడ ఒక్కతే వచ్చి, చూసింది చూసినట్టు చెప్పింది. చెప్పాక వాళ్ళ బేకరీలో రొట్టెలు కొనేవాళ్ళు లేకపోయారు, ఆ కుటుంబం వేరే చోటికి వెళ్ళిపోయింది. అన్నేళ్ళు ఒక్క పూట తగాదా లేకుండా కాపురం చేసిన భర్త ఆవిడతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడని కౌన్సెలర్ వింది.

కోర్టు కొడుక్కి శిక్ష వేసింది. చంపాలని చేసింది కాదంటూ కొన్నేళ్ళే వేసింది. తీర్పు విన్న పెద్దాయన కర్ర ఊతంతో బయటికి వస్తూ కోడలి ముందు ఆగాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె నమస్కారం పెట్టింది. ఆయన కూడా పెట్టి వెళ్ళిపోయాడు.

వరండాలో పోలీసులు కొడుకుని తీసుకెళ్తున్నారు. భార్యని చూసి ఆగాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. కౌన్సెలర్ పక్కనే ఉంది కాబట్టి చూసింది, కోడలి చెయ్యి ఆ గుండీ సరిచేయడానికి అన్నట్టు కొంచెం పైకి లేచి ఆగిపోయింది.

"అమ్మ ఉండి ఉంటే ఇవాళ నాకు తోడొచ్చేది" అన్నాడతను.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అమ్మ కోసం వెతుక్కుంటున్నట్టు అన్నాడు.

"వచ్చేది" అంది కోడలు.

అతన్ని తీసుకెళ్ళిపోయారు. కౌన్సెలర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి మెట్ల దాకా నడిపించింది. సగం మెట్లు దిగాక ఆమె అక్కడే కూర్చుంది. ఆశ్రయానికి వచ్చిన దగ్గర్నుంచీ, అత్తగారు పోయినరోజు కూడా, ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. ఇప్పుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని, పైకీ కిందికీ తిరిగే జనం మధ్య, గొంతు ఎత్తి ఏడ్చింది.

"నేను రాకుండా ఉంటే ఆవిడ బతికేది మేడం."

ఈ ఉద్యోగంలో అలాంటి మాటలకి చెప్పాల్సిన జవాబులు కౌన్సెలర్‌కి చాలా తెలుసు. తప్పు నీది కాదు, కొట్టినవాడిది అని ఎన్నో వందలసార్లు ఎందరికో చెప్పింది. అది నిజం కూడా. ఇప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చి, ఈ పిల్లకి ప్రస్తుతం దానితో పని లేదనిపించి ఆగిపోయింది. ఆమె కూడా పక్కనే మెట్టు మీద కూర్చుంది. దారికి అడ్డంగా ఉన్నారని ఎవరో విసుక్కుంటే కొంచెం పక్కకి జరిగింది. కోడలిని తనవైపు లాక్కుని, ఆమె ఏడుపు ఆగేదాకా అలాగే పట్టుకుంది.